పది ముక్కల నవల

మా వీధిలో ఒక నవలను పది ఇళ్లు ఒకేసారి చదివేవి. పుస్తకం మాత్రం ఒక్కటే. తర్వాత చాలా ఏళ్లకు, పత్రికాఫీసులో పుస్తక సమీక్షలు దిద్దుతూ కూర్చున్నప్పుడు ఈ సంగతి చెబితే నవ్వినవాళ్లే ఎక్కువ. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కరీంనగర్ నుంచి పెద్దపల్లి పోయే దారిలో ఉన్న నేతపని ఊరు మాది. హైదరాబాదు సంస్థానం పోయి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి నాలుగైదేళ్లయి ఉంటుంది. మగ్గాల వీధి మొదట్లో ఒక చిన్న గదిని పఠన మందిరం చేశారు. ఒక బల్ల, రెండు బెంచీలు, ఒక దినపత్రిక. ఆరు నెలలకోసారి కరీంనగర్ నుంచి బస్సు మీద ఒక పుస్తకాల పెట్టె వచ్చేది. పాత పెట్టె వెనక్కి పోయేది.

ఆ గది తాళంచెవి మా బాపు దగ్గర, అంటే నాన్న దగ్గర, ఉండేది. జీతం లేని పని. బాపు నిజాం కాలంలో రెండేళ్లు బడికి పోయాడు, అది ఉర్దూ బడి. తెలుగు అక్షరాలు ముప్పై అయిదేళ్లు దాటాక ఆ గదిలోనే, దినపత్రిక మీద పెద్ద అక్షరాలు చూసి నేర్చుకున్నాడు. అంతకు ముందు తాళంచెవి ఉంచుకున్నాయన ఊరు విడిచి పోతూ, "రోజూ అందరికన్న ముంగట వచ్చేటోడు నువ్వే గదనే" అని బాపు చేతిలో పెట్టాడు. బాపు దాన్ని మొలతాడుకు కట్టుకున్నాడు. నాలుగేళ్లు మగ్గం మీద వంగి పనిచేసేసరికి నడుము పక్కన తాళంచెవి ఆకారంలో చర్మం కాయ కాచింది. మా అమ్మను అవ్వ అంటాం. అవ్వ చూసి, "గా తాళంచెవికి ఉన్నంత జాగ నాకు లేదు నీ దగ్గర" అని ఎత్తిపొడిచేది.

పుస్తకాన్ని ముక్కలు చేయాలన్న ఆలోచన ఒక చిక్కులోంచి పుట్టింది. పెట్టెలో మంచి నవల ఒకటి వస్తే పదిమంది పేర్లు రాయించుకునేవారు. ఒక్కొక్కరికి పదిహేను రోజులు, ఒక్కోసారి నెల. ఆరో మనిషి చేతికి వచ్చేలోపల పెట్టె వాపసు పోయే రోజు వచ్చేది. మిగిలిన నలుగురూ అట్టనే చూసినవాళ్లు. ఒకరోజు బాపు ఒక పుస్తకం వెన్ను తిప్పి తిప్పి చూశాడు. పదహారేసి పేజీలు మడిచి, వరసగా పేర్చి, దారంతో కుట్టి ఉన్నాయి. దారం పనిలో బాపుకు తెలియనిది లేదు. "ఇప్పితే మల్ల కుట్టరాదా ఏంది?" అన్నాడు. ఆ సాయంత్రమే కుట్టు విప్పాడు. పది ముక్కలైంది. ఒక్కొక్క ముక్కను పాత గుడ్డలో చుట్టి వీధిలోకి వదిలాడు. మూడు రోజులకు ఒకసారి ఒక్కొక్క ముక్క పక్కింటికి జరిగేది. మొదటి ఇల్లు మాది. ఆరు నెలలు నిండే ముందు బాపు అన్నీ తెచ్చి, మళ్లీ కుట్టి, అట్ట అతికి పెట్టెలో పెట్టేవాడు. రెండేళ్లలో ఎవరూ కనిపెట్టలేదు. నేతగాడి కుట్టు అది.

దీనికి బాపు ఒక షరతు పెట్టాడు. ముక్క పక్కింటికి ఇచ్చేటప్పుడు దాని మీద నీ అభిప్రాయం చెప్పాలి. చెప్పకుండా ఇస్తే, వెనక నుంచి వచ్చే ముక్క నీకు రాదు. చదవకుండా మూడు రోజులు దండెం మీద పడేసి ఉంచేవాళ్లకు అది మందు. రెండో షరతు ఇంకా కష్టమైనది. అభిప్రాయం చెప్పాలి గానీ కథ చెప్పకూడదు. వెనకవాళ్లు అక్కడికి ఇంకా చేరలేదు కదా. కథ చెప్పకుండా అభిప్రాయం చెప్పడంలో మా వీధి వాళ్లు ఎంత ఆరితేరారంటే, తర్వాత నాతో పనిచేసిన విమర్శకుల్లో ఇద్దరికి తప్ప అది చేతకాలేదు.

"గా అన్న మంచోడే, గని మంచితనం జర ఎక్కువైంది. నాకైతే అనుమానమే," అని ఒకాయన నాలుగో ముక్క ఇచ్చేవాడు.

"నువ్వు ఎవల్ని నమ్మినవని బావా! నీ పెండ్లాం పెట్టిన చాయ్‌ల గూడ శక్కెర ఉన్నదా అని అడుగుతవ్," అంటూ పక్కింటాయన అందుకునేవాడు.

ఈ ముచ్చట్లు మధ్యాహ్నం అన్నాల వేళ, మగ్గాలు ఆగినప్పుడు, గడపల మీద జరిగేవి. వీధి చివర కొత్తగా వచ్చిన మరమగ్గాల చప్పుడులో మాట వినపడదు కాబట్టి అక్కడి పనివాళ్లు కూడా అన్నానికి వచ్చినప్పుడే తమ వంతు చెప్పిపోయేవారు. అందరికీ భయం మా అవ్వ అభిప్రాయమంటే. అవ్వకు చదువు రాదు. ఆమె నూలు కండెలు చుడుతుంటే బాపు పైకి చదివేవాడు. ఒక్క వాక్యం మరిచేది కాదు. "గా రాసినాయనకు ఇంట్ల పొయ్యి ఎటు మొకాన ఉంటదో ఎర్క లేనట్టున్నది," అని ఒకసారి అన్నది. ఆ పుస్తకం ఆ తర్వాత వీధిలో ఎవరికీ రుచించలేదు.

ఇప్పుడు ఆ నవల సంగతి. పట్నంలో ఆసుపత్రి పని నేర్చుకోవడానికి దరఖాస్తు పెట్టుకున్న ఒక చెల్లెలు, ఆమెను ఇంట్లోంచి కదలనివ్వడం ఇష్టం లేని అన్న. రమ్మని వచ్చిన ఉత్తరాన్ని అన్న దాచేస్తాడు. గడువు దాటిపోతుంది. ఏడో ముక్కలో ఆ ఉత్తరం ఆమె కంట పడుతుంది. అదే పూట అన్న అన్నానికి వస్తాడు. కథంతా అక్కడే ఉంది.

ఏడో ముక్క నాలుగో ఇంటికి చేరింది. అది నూలుకు రంగులు అద్దే ఆయన ఇల్లు. బాపుకు వరసకు బావ అవుతాడు, అవ్వ ఆయన్ను అన్నా అంటుంది. గంగాళంలో ఎర్రరంగు మరుగుతుంటే ఒక చేత్తో కర్రతో నూలు కలుపుతూ, ఇంకో చేత్తో ముక్క పట్టుకుని చదువుతున్నాడు. అసలైన చోటుకు వచ్చాడు. కర్ర పట్టిన చెయ్యి ఆగాలి. పుస్తకం పట్టిన చెయ్యి ఆగి పట్టు వదిలింది. ముక్క గంగాళంలో పడింది.

రెండు రోజులు ఆయన మా ఇంటి వైపు రాలేదు. మూడో రోజు గుడ్డలో చుట్టిన ఎర్రటి ముద్ద తెచ్చి బాపు ముందు పెట్టాడు.

"బావా, ఏడోదాని పాణం పోయింది."

బాపు ఒక్కొక్క పేజీ విడదీసి వెలుతురుకు పట్టి చూశాడు. ఒక్క అక్షరం కనపడలేదు. "రంగు మంచిగ పట్టింది గదనే," అన్నాడు చివరికి.

వెనక ఆరు ఇళ్లవాళ్లు ఏడోదాని కోసం చూస్తున్నారు. అది లేకుండా ఎనిమిదోది ఇస్తే లాభం లేదు. ఏడోది చదివినవాళ్లు ముందరి మూడు ఇళ్లవాళ్లు, ఈయన. బాపు ఆలోచించి, "సదివినోళ్లు చెప్తే రాసుకుందాం," అన్నాడు. రాసే పని రెండో ఇంట్లో అద్దెకుండే క్రైస్తవ మిషన్ బడి పంతులమ్మకు అప్పజెప్పాడు. ఆమె అక్షరాలు అచ్చు వేసినట్టుండేవి. ఆదివారం ప్రార్థన అయ్యాక తెల్లకాగితాలు, సిరాబుడ్డి పట్టుకుని పఠన మందిరానికి వచ్చింది. నేనప్పుడు పెద్దపల్లి నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి, ఆదివారాలు ఇంటికి వచ్చేవాణ్ణి. నేనూ చదివినవాళ్లలో ఒకణ్ణే కనుక బెంచీ మీద చోటు దొరికింది.

మొదటి నాలుగైదు పేజీలు సులువుగా గడిచాయి. ఉత్తరం ఎక్కడ దొరికిందన్న దగ్గర నేను "పెట్టెలో, చొక్కాల కింద" అన్నాను. మిగతా అందరూ "బియ్యం కుండ కింద" అన్నారు. విలేఖరిగా నా ఖ్యాతి అక్కడితో సరి. అసలు తగవు అన్నం దగ్గర వచ్చింది.

"ఆమె ఏడ్సింది," అన్నాడు రంగులాయన. "నేను సదివిన. గంగాళంల పడే ముంగటనే సదివిన."

"ఏడ్వలే," అన్నది అవ్వ. "అన్నం పెట్టింది. కూర ఏసింది. ఇంకింత ఏసుకొమ్మన్నది. ఏడ్సుకుంట ఎట్ల వడ్డిస్తది?"

"నువ్వు సదివినవా చెల్లె?"

"నువ్వు కండ్లతోని సదివినవ్ అన్నా, నేను చెవులతోని విన్న. నీ కండ్లు గంగాళం మీదున్నయి. నా చెవులు పుస్తకం మీదనే ఉన్నయి."

"గంగాళం మీదుంటే పుస్తకం అందుల ఎందుకు పడుతది? పుస్తకం మీదున్నయి గనుకనే పడ్డది!"

అందరం నవ్వాం. పంతులమ్మ కలం బల్ల మీద పెట్టింది. "కొట్లాట ఆపుండ్రి. రాసి ఉన్నది చెప్పుండ్రి. మీకు అనిపించింది నాకొద్దు. అన్నా, మీరు చెప్పుండ్రి, పైకి సదివింది మీరే గద."

బాపు చెయ్యి అలవాటుగా మొలతాడు మీదికి పోయింది. "గక్కడికి వచ్చేసరికి నా గొంతు ఆగింది. అది యాదికున్నది. ఆమె ఏడ్సిందో లేదో యాదికి లేదు. ఏడ్సింది నేనే కావచ్చు," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. పంతులమ్మ కలం తీసుకుని, "ఆమె అన్నం పెట్టింది" అని రాసింది. పక్కన అంచులో చిన్న అక్షరాలతో ఇలా చేర్చింది: "ఇక్కడ ఏడ్చిందని ఒకరు, ఏడవలేదని ఒకరు. చదివేవాళ్లు తమకు తోచినట్టు అనుకోవచ్చు."

పదహారు అచ్చు పేజీలు తొమ్మిది రాతపేజీలయ్యాయి. ఏడో ముక్క మళ్లీ వీధిలో కదిలింది. అయిదో ఇంటివాళ్లు చదివి ఇచ్చేటప్పుడు తమ అభిప్రాయం నోటితో చెప్పడం చాలదని, అంచులో రాయించారు. ఆరో ఇంటివాళ్లు ఇంకాస్త రాయించారు. "ఏడ్వలేదు. ఏడ్చేదైతే కూర వేయదు." "లోపల ఏడ్చింది, బయటికి కాదు." "అన్నకు తెలిసింది, తినలేక తిన్నాడు, ఇది మీరు రాయలే."

పది రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం, చెప్పా పెట్టకుండా, కరీంనగర్ నుంచి పుస్తకాలు తనిఖీ చేసే అధికారి బస్సు దిగాడు. సర్కారు జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చినాయన. మర్యాదస్తుడే, గానీ కాగితం మీద ఉన్నదాన్ని దాటి చూసే అలవాటు లేదు. నేను ఆ పూట ఇంటి దగ్గరే ఉన్నాను. బాపుతో పాటు గదికి వెళ్లాను. ఆయన పెట్టె తెరిచి, చిట్టాతో సరిచూసి, ఈ నవల దగ్గర ఆగాడు.

"ఇది పెద్దపల్లివాళ్లు అడుగుతున్నారు. ఇవాళే పట్టుకెళతాను. మీ పేరు మీదే ఉంది. తెప్పించండి."

"పది ఇండ్ల మీద తిరుగుతున్నది సారు," అన్నాడు బాపు. "మూడు ముక్కలు గదిల ఉన్నయి. ఏడు ఇండ్లల్ల ఉన్నయి."

"ముక్కలేమిటండీ?"

నేను మధ్యలో దూరాను. "కుట్టు ఊడిపోయి వచ్చింది సార్, పెట్టెలోనే."

"ఊడలే," అన్నాడు బాపు. "నేనే ఇప్పిన. పోరడు నన్ను కాపాడుదామని చూస్తున్నడు."

అధికారి చిట్టా మూశాడు. ప్రభుత్వ పుస్తకాన్ని విప్పడమంటే పాడు చేయడమేనని, అలాంటి మనిషి దగ్గర తాళంచెవి ఉండడానికి లేదని, ముందు అన్ని ముక్కలూ బల్ల మీదికి రావాలని నెమ్మదిగానే చెప్పాడు. బాపు తల ఊపాడు. చెయ్యి మాత్రం మొలతాడు దగ్గరికి పోయింది. నాలుగేళ్లుగా ఆ చెయ్యి అక్కడికి పోవడం నేను చూస్తూనే ఉన్నాను, కానీ అంత భయంగా పోవడం ఎప్పుడూ చూడలేదు.

కబురు వీధిలోకి పోయింది. ఒక్కొక్కరే మగ్గం దిగి, ముక్క చేతబట్టుకుని వచ్చారు. అప్పుడు ఎవరూ అనుకోనిది జరిగింది. మా వీధిలో ముక్క చేతులు మారాలంటే అభిప్రాయం చెప్పాలి. ఇచ్చేది అధికారికని గానీ, పుస్తకం పోతున్నదని గానీ ఎవరికీ తోచలేదు. అలవాటు ప్రకారం మొదటాయన ముక్క చాపి, "సారు, గీ నాలుగోదాంట్ల మేనత్త మాటలు తక్కువున్నయి. ఆమెకు ఇంకో రెండు మాటలు ఇయ్యవల్సి ఉండె," అన్నాడు.

"మిమ్మల్ని ఎవరడిగారండీ?"

"అడుగుడు ఏం లేదు సారు. చెప్పకుంట ఇచ్చుడు మా దగ్గర లేదు."

రెండో మనిషి వచ్చి, ఎండ గురించి రాసినచోట తనకు చెమట పట్టిందని చెప్పి ముక్క పెట్టాడు. మూడో మనిషి అన్న పాత్రను తిట్టాడు, ఎందుకో మాత్రం చెప్పలేదు. ఏడో ఇంటి కోడలు కొంగు సర్దుకుంటూ రాతపేజీలు పెట్టి, "నేను గూడ రాయించిన సారు, ఆఖరి పేజీ పక్కకు సూడుండ్రి," అని గోడ వారగా నిలబడింది. చిట్టచివర రంగులాయన వచ్చాడు, పదో ముక్కతో. "సారు, ముగింపు నాకు నచ్చలే. ఎందుకంటే..." అని ఆగి, గదిలో ఉన్న వెనకిళ్లవాళ్ల మొహాలు చూసి, "ఎందుకో చెప్పరాదు సారు. వీళ్లింక సదువలే," అన్నాడు.

అధికారి ఏడో ముక్క విప్పాడు. చేతిరాత చూసి కనుబొమలు ముడిపడ్డాయి. జరిగింది బాపు దాచకుండా చెప్పాడు. బడి మధ్యాహ్నం విడిచినందున పంతులమ్మ కూడా వచ్చి వాకిట నిలబడింది. ఆయన మొదటి పేజీ నిలబడే చదివాడు. మూడో పేజీకి కూర్చున్నాడు. అంచుల్లోని రాతల్ని కాగితం అడ్డంగా తిప్పి తిప్పి చదివాడు. మరమగ్గాలు కూడా అన్నాలకు ఆగి ఉన్నాయి.

"ఈ నవల వారపత్రికలో వచ్చేటప్పుడు నేను చదివాను," అన్నాడు తల ఎత్తకుండా.

పదిమందీ ఒక్కసారిగా బల్ల మీదికి వంగారు. రంగులాయన ఆగలేకపోయాడు. "ఏడ్సింది గద సారు?"

ఆయన కాగితం మీద వేలు పెట్టి ఆ వాక్యం మళ్లీ చూశాడు. "ఏడ్చిందనే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. ఇప్పుడు మీరంతా అంటుంటే... చెప్పలేనండీ."

అవ్వ అక్కడ ఉంటే ఏమనేదో గానీ, రంగులాయన ఒక్కడే తన పక్షం గెలిచినట్టు అందరినీ చూశాడు.

అధికారి తనిఖీ పుస్తకం తెరిచి రాశాడు. రాసి బాపు వైపు తిప్పి, సంతకం పెడితే తాళంచెవి బాపు దగ్గరే ఉండేటట్టు చూస్తానన్నాడు. బాపు వేలు పెట్టి, ఒక్కొక్క మాటా పలుకుతూ పైకి చదివాడు. ఫలానా నవలను విప్పి ఒక భాగం పాడుచేయడమైనది. ఇక మీదట ఏ పుస్తకం కుట్టూ విప్పనని హామీ ఇస్తున్నాను. ఇంకోసారి చదివాడు. కలం పట్టుకోలేదు.

"పాడు చేసిన అని రాసిండ్రు. అది నిజమే, దానికి సంతకం పెడత. ఇప్పను అని రాసిండ్రు. అది అబద్ధమైతది సారు. రేపు పెట్టె రాంగనే మల్ల ఇప్పుత."

"నిబంధన నేను పెట్టింది కాదండీ."

"నాకెర్కనే సారు. మీ మీద నాకు కోపం లేదు. పదిమంది అడిగే ఊరికి ఒక్క పుస్తకం పంపిండ్రు. పదిమంది సదివేటట్టు చేసిన. గిది తప్పయితే తాళంచెవి ఇంకొకలకు ఇయ్యుండ్రి."

మొలతాడు ముడి విప్పడానికి కొంచెం సేపు పట్టింది. నాలుగేళ్ల ముడి. తాళంచెవి బల్ల మీద పెట్టాడు. పెట్టాక ఆ చేతిని ఏం చేయాలో తెలియనట్టు ధోవతికి తుడుచుకున్నాడు.

అధికారి రంగులాయన వైపు చూశాడు. "నాకొద్దు సారు. నా చేతుల పుస్తకం ఆగదని అందరికెర్కే." పంతులమ్మ వైపు చూశాడు. "నేను తీసుకున్నా కుట్టు ఇప్పుత సార్. ముందే చెప్పుతున్న." తక్కిన వాళ్లను అడగనే లేదు. గోడ వారగా నిలబడ్డ ఏడో ఇంటి కోడలు అడగకుండానే తల అడ్డంగా ఊపింది.

ఆయన గడియారం చూసుకున్నాడు. బస్సుకు ఇంకా సమయముంది. కలం మూత తీసి, రాసిన రెండో వాక్యాన్ని అడ్డంగా గీత గీసి కొట్టేశాడు. కింద ఇంకోటి రాశాడు. బాపు మళ్లీ వేలు పెట్టి చదివాడు: "విప్పిన పుస్తకాన్ని పెట్టె వాపసు చేసేలోపల తిరిగి కుట్టి ఇవ్వగలను."

"గిది నిజం," అన్నాడు బాపు. సంతకం పెట్టాడు. ఆయన సంతకంలో ప్రతి అక్షరమూ విడివిడిగా, తొందర లేకుండా ఉంటుంది. తర్వాత నా జీవితంలో చాలామంది పెద్దవాళ్లు చాలా కాగితాల మీద సంతకాలు పెట్టడం పక్కన నిలబడి చూశాను, వార్తలు రాశాను. చదివి, ఇది అబద్ధమైతదని కలం పక్కన పెట్టిన మనిషిని మాత్రం మా ఊరి గదిలోనే చూశాను. ఆ మనిషి కొడుకునని ఇంకో ఊళ్లో, ఇంకో పనిమీద ఉన్నప్పుడు కూడా అనుకునేవాణ్ణి.

పెద్దపల్లివాళ్లు ఇంకో నెల ఆగుతారని చెప్పి, తాళంచెవి బాపు వైపు జరిపి, అధికారి సంచీ భుజాన వేసుకున్నాడు. ఆయన గడప దాటాడో లేదో, అప్పటిదాకా గోడలకు అంటుకుని నిలబడ్డవాళ్లంతా బల్ల మీద పడ్డారు. ముక్కలన్నీ కలిసిపోయాయి.

"నా తొమ్మిదోదేదే?"

"గది తొమ్మిదోది గాదు బావా, ఆరోది. నువ్వు ఎనుకకు పోతున్నవ్."

"నాకు ఎనిమిదోది రావాలె. రేపటితోని మూడొద్దులైతయి!"

"జర ఆగుండ్రి, పరేషాన్ కాకుండ్రి," అంటూ బాపు బెంచీ మీద కూర్చున్నాడు. ఒక్కొక్క ముక్క మొదటి పేజీ తీసి, అంకె చూసి, ఇంటి పేరు పెట్టి పిలిచాడు. పిలిచినవాళ్లు వచ్చి అందుకున్నారు. ఏడోది ఏడో ఇంటి కోడలు తీసుకుని గుండెకు ఆనించుకుంది. పదోది పుచ్చుకున్న రంగులాయనకు, దాన్ని మళ్లీ చదివితే గంగాళం కింద మంట ఆర్పాలని అందరూ కలిసి చెప్పారు. అన్నాలకు ఆగిన మగ్గాలు ఆ పూట చాలా ఆలస్యంగా కదిలాయి.